మేక దూరని చేను

ఉలవకుంట ఊరంతటికీ తెలివి కరువొచ్చినా తన ఇంట్లో మాత్రం ఏడాదికి సరిపడా నిల్వ ఉంటుందని సింగరయ్యకి గట్టి నమ్మకం. ఆ నమ్మకం భార్య ఆదెమ్మకీ ఉంది, తమ్ముడు మాలకొండయ్యకీ ఉంది. ఊళ్ళో మిగతావాళ్ళకి లేదు. వాళ్ళకి తెలివి లేదు కాబట్టి తమ తెలివి కనపడటం లేదని ముగ్గురూ సరిపెట్టుకున్నారు.

వాళ్ళ తెలివికి సూత్రం ఒక్కటే. చెప్పింది చెప్పినట్టు చెయ్యడం, మధ్యలో సొంతంగా చిటికెడు ఉప్పు కూడా వెయ్యకపోవడం. పోయినేడు ఎదురింటి టైలరు పెళ్ళికి వెళ్తూ, ఇల్లు కాస్త చూస్తుండమని చెప్పి పోయాడు. అంతే, ముగ్గురూ వంతులేసుకుని అరుగు మీద కూర్చుని ఆ ఇంటిని చూశారు. పట్టపగలు దొంగలొచ్చి తాళం పగలగొడుతుంటే అదీ చూశారు. టైలరు తిరిగొచ్చి లబోదిబోమంటుంటే, ఏ దొంగ ఏ బిందె ఎత్తుకున్నాడో, ఏ సందులో నుంచి పోయాడో పూసగుచ్చినట్టు చెప్పారు. మెచ్చుకుంటాడనుకున్నారు. అతను ఆనాటి నుంచి ఈ ఇంటి వైపే చూడటం మానేశాడు. ఇవి మంచికి రోజులు కావని ఆదెమ్మ నాలుగు రోజులు అన్నం సరిగా తినలేదు.

ఇంత తెలివి ఉన్నా సింగరయ్యకి సొంత చేను లేదు. తండ్రి కాలం నుంచీ పరాయి చేలల్లో కూలికి పోవడమే. ఒక్క తొలకరికైనా తన చేలో తన చేత్తో కందులు చల్లుకోవాలని, అవి మొలకెత్తితే గట్టు మీద కూర్చుని తీరిగ్గా చూసుకోవాలని అతని కోరిక. పైకి చెప్పుకుంటే చిన్నదే. తలుచుకుంటే మాత్రం ఆ రాత్రికి నిద్ర పట్టేది కాదు.

ఆ కోరిక తీర్చగలిగిన మనిషి మేనత్త చెంచమ్మ. ఆమెకి పిల్లల్లేరు, మొగుడు పోయి చాలాకాలమైంది. ఆయన పోయినప్పటి నుంచి ఆమె చేను బీడు పడి, చిల్లకంప మొలిచి, మనిషి ఎత్తున ముళ్ళు కమ్మేసి, కోడి కూడా లోపలికి పోవడానికి ఆలోచించేలా తయారైంది. ఆ చేను మీద ఆమె మరిది కొడుకు శేషయ్యకీ కన్నుంది. శేషయ్యకి పిండిమర ఉంది, లెక్కలు బాగా వచ్చు, పెద్దమ్మ ఇంటికి మాత్రం చేను సంగతి అడగడానికే వస్తాడు. ఈ ముగ్గురూ అలా కాదు. రోజూ పొద్దున్నే వచ్చి, "అత్తా, బతికే ఉన్నావా?" అని అడిగి పోతారు. మనసులో ఉన్నది కడుపులో దాచుకోకుండా అడుగుతారని చెంచమ్మకి వాళ్ళంటే ప్రాణం. చేను వాళ్ళకే ఇవ్వాలని ఉంది, ఇస్తే ఏం చేస్తారో అని భయమూ ఉంది.

అందుకని ఒకరోజు శేషయ్యని కూడా పిలిపించి, అందరి ముందూ సంగతి తేల్చేసింది.

"ఒరే సింగరా, తొలకరి పడేలోగా ఆ కంపంతా పీకి చేను బాగుచెయ్యండి. పీకిన కంపతోనే చుట్టూ కంచె వెయ్యండి. మేక దూరే సందు కూడా ఉండకూడదు. వాన పడేలోపల నేనొచ్చి చేలో కాలుపెట్టి చూస్తా. బాగుంటే చేను మీది. లేదంటే శేషయ్యది."

శేషయ్య మూతి పక్కకి తిప్పి నవ్వుకున్నాడు. ఇంకేముంది, చేను తనదే అనుకున్నాడు.

కంప పీకడానికి చెంచమ్మ కొట్టంలో మొగుడి కాలం నాటి ట్రాక్టర్ ఉంది. రంగు ఎప్పుడో పోయింది, సీటు కింద కోళ్ళు గుడ్లు పెడుతున్నాయి. దాన్ని నడిపిన డ్రైవర్ మస్తాన్ ఇప్పుడు ముసలాడైపోయి, మోకాళ్ళ నొప్పులతో ఇంటి దగ్గరే ఉంటున్నాడు. అతను కర్ర పట్టుకుని వచ్చి, బండి చుట్టూ తిరిగి, దాని గుణగణాలన్నీ వివరించాడు. బ్యాటరీ లేదు, ఎత్తు మీద నుంచి దొర్లిస్తేనే స్టార్ట్ అవుతుంది. స్టీరింగ్ కుడికే తిరుగుతుంది, కాబట్టి ఎడమకి పోవాలంటే మూడుసార్లు కుడికి తిరగాలి. హారన్ లేదు, ముందు ఎవరైనా అరుచుకుంటూ పోవాలి. మరి ఆపడం ఎట్టా అని మాలకొండయ్య అడిగితే, మస్తాన్ విసుగ్గా, డీజిల్ అయిపోతే అదే ఆగుతుందిలే అన్నాడు.

"నేను చెప్పినట్టు చెయ్యండి. సొంత తెలివి వాడబాకండి," అని చివర్లో ఒక మాట అని వెళ్ళిపోయాడు.

ఆ ఒక్క మాట సింగరయ్యని నొప్పించింది. తామెప్పుడు వాడారని?

కొట్టం ముందు నేలంతా చదును. ఎత్తంటే ఊరి చివర రోడ్డు కోసం పోయించిన గ్రావెల్ దిబ్బ ఒక్కటే ఉంది. ముగ్గురూ ట్రాక్టర్‌ని అక్కడిదాకా తోసుకుపోదామని చూస్తే అది జానెడు కూడా కదల్లేదు. సింగరయ్య నడుం మీద చేతులు పెట్టుకుని ఆలోచించాడు. ట్రాక్టర్ బరువు, దిబ్బ అంతా కలిపి బరువే గానీ తట్టలుగా చూస్తే తేలిక. కాబట్టి తేలికైనదాన్నే బరువైనదాని దగ్గరికి తేవాలి. తమ్ముడూ భార్యా అతని మొహంలోకి అలా చూస్తుండిపోయారు. ఇలాంటి మనిషితో కాపురం చెయ్యడం పూర్వజన్మ సుకృతమని ఆదెమ్మ మరిదితో అంది.

అంతే, తట్టలందుకున్నారు. పొద్దస్తమానం మోసి, ట్రాక్టర్ చుట్టూ పోశారు. దిబ్బంతా అయిపోయాక చూస్తే ఎత్తు బాగానే వచ్చింది. కాకపోతే ట్రాక్టర్ ఎత్తు మీద లేదు, ఎత్తు కింద ఉంది. స్టీరింగూ పొగగొట్టమూ మాత్రం పైకి కనపడుతున్నాయి. కోళ్ళు అలిగి కొట్టం మీదకి ఎక్కాయి.

దిబ్బ మీద ట్రాక్టర్ పెట్టాలా, ట్రాక్టర్ మీద దిబ్బ పెట్టాలా, మస్తానన్న ఏం చెప్పాడని ముగ్గురూ కాసేపు వాదించుకున్నారు. చివరికి మర్నాడు తెల్లారగానే ముందు నుంచి తవ్వడం మొదలుపెట్టారు. తవ్వీ తవ్వీ ట్రాక్టర్ ముందు పెద్ద గొయ్యి పడింది. వెనకేమో గ్రావెల్ ఇంకా గుట్టగా ఉంది. మాలకొండయ్య గేరు పుల్ల అందిందని సంతోషంగా దాన్ని ముందుకి నొక్కాడు. ఇంకేముంది, గ్రావెల్ జారింది, ట్రాక్టర్ గోతిలోకి దొర్లింది, భళ్ళున నల్లపొగ కక్కి స్టార్ట్ అయింది, గోతిలో నుంచి ఎగిరి బయటపడింది. సీటులో ఎవరూ లేరు.

మాలకొండయ్య వెంటపడి ఎలాగో ఎక్కాడు. హారన్ లేదు కాబట్టి ఆదెమ్మ చీర కుచ్చెళ్ళు దోపుకుని ముందు పరిగెడుతూ "పీం... పీం..." అని అరిచింది. చేను కొట్టానికి ఎడమ వైపు. మూడుసార్లు కుడికి తిరగమన్నాడు కదా అని మాలకొండయ్య ఆ మూడూ అక్కడికక్కడే తిరిగాడు. మొదటి మలుపులో శేషయ్య పిండిమర పెరడు వచ్చింది. రెండో మలుపులో బట్టలారేసిన తాడు వచ్చింది. మూడో మలుపుకి ఆ తాడు మీదున్న శేషయ్య పట్టుపంచె పొగగొట్టానికి చుట్టుకుని జెండాలాగా రెపరెపలాడటం మొదలుపెట్టింది. శేషయ్య మరలో నుంచి పిండి మొహంతో బయటికొచ్చి బూతులు తిట్టాడు. బండి శబ్దానికి అవేమీ వినపడక, శకునం బాగుందని సింగరయ్య అతనికి చెయ్యి ఊపాడు.

చేలోకి చేరారు. కంప మొద్దులు లాగేటప్పుడు ట్రాక్టర్ ముందు భాగం గాల్లోకి లేస్తుందని, బానెట్ మీద బరువుండాలని మస్తాన్ ముందే చెప్పాడు. ఇంట్లో బరువైనవి ఆదెమ్మా రుబ్బురోలూ. రెండింటిలో ఏది ఎక్కువ బరువన్న దగ్గర మొగుడికీ పెళ్ళానికీ చిన్న మాటామాటా వచ్చింది. చివరికి గొడవెందుకని, ఆగని బండి పక్కన పరిగెడుతూనే ఆదెమ్మని బానెట్ మీదికి ఎక్కించి, ఇంకో చుట్టులో రోలు ఆమె ఒళ్ళో పెట్టారు. ఊళ్ళో జనం చేని చుట్టూ గుమిగూడారు. అమ్మవారి ఊరేగింపైనా ఇంత బాగుండదని ఎవరో అంటే ఆదెమ్మ మొహమాటంగా తలదించుకుంది.

ఇక గొలుసు. ఒక కొస మొద్దుకి కట్టాడు సింగరయ్య. రెండో కొస కదలని గట్టి చోట కట్టాలని మస్తాన్ అన్నాడు. ఆయన ఉద్దేశం ట్రాక్టర్ వెనకున్న ఇనప కొక్కెం. సింగరయ్య మాత్రం చుట్టూ చూసి, ఈ చేలో అన్నిటికంటే కదలనిది ఏదా అని వెతికి, అన్నిటికంటే పెద్ద మొద్దుకి కట్టాడు. తర్వాత తమ్ముడికి చెయ్యి ఊపాడు. గుండ్రంగా తిరుగుతున్న ట్రాక్టర్ పక్క నుంచి రివ్వున పోయింది.

"చూశావా, అసలు లాగినట్టే లేదు," అని మాలకొండయ్య దూరం నుంచి కేకేశాడు.

గుండ్రంగా తిరుగుతూ వచ్చినప్పుడల్లా మొద్దులు అక్కడే ఉండటం చూసి ముగ్గురికీ ఆశ్చర్యమేసింది. ఇంత తేలిగ్గా లాగుతుంటే రావెందుకని ఆదెమ్మ మొద్దుల్ని తిట్టింది. ఈ గోల విని మస్తాన్ కుంటుకుంటూ వచ్చాడు. చూశాడు. తల కొట్టుకోవడానికి చెయ్యెత్తి, ఓపిక లేక దించేశాడు. పెద్ద మొద్దుకి కట్టిన గొలుసు కొస విప్పి, బండి గుండ్రంగా తన దగ్గరికొచ్చినప్పుడు కర్రతో అందించి కొక్కేనికి తగిలించాడు.

"ఈ గొలుసు మళ్ళా మీరు విప్పబాకండి, కట్టబాకండి. దాని జోలికే పోవద్దు," అన్నాడు. అని, తన మోకాళ్ళకి ఈ పాపం వద్దనుకుంటూ ఇంటికి పోయాడు.

ట్రాక్టర్ మూలిగింది, ఆదెమ్మ రోలుని గట్టిగా వాటేసుకుంది, మొద్దు వేళ్ళతో సహా పెకిలి వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఇప్పుడు ఆపి, గొలుసు విప్పి, ఇంకో మొద్దుకి కట్టాలి. కానీ డీజిల్ అయిపోయేదాకా బండి ఆగదు. గొలుసు జోలికి పోకూడదు. కాబట్టి ట్రాక్టర్ మొద్దుని ఈడ్చుకుంటూ కుడికి తిరుగుతూనే ఉంది. దాని వేళ్ళు పక్కనున్న కంపని పట్టాయి, ఆ కంప ఇంకో కంపని పట్టింది, అదీ ఇదీ కలిసి ఇంకో మొద్దుని పెకిలించాయి. అంతే, బండి వెనక కంప వామి అంత పెరిగిపోయింది. తిరిగే కొద్దీ చేను ఊడ్చినట్టు శుభ్రమవుతోంది, పట్టు చాలని కంప అంచులకి విసిరేసినట్టు పడుతోంది.

మధ్యాహ్నమైంది. ఆదెమ్మ దిగితే బరువు తగ్గుతుంది, దిగకూడదు. సింగరయ్య పక్కన పరిగెడుతూ ఆమెకి గోంగూరన్నం ముద్దలు అందించాడు. కొన్ని నోట్లోకి, కొన్ని చెవిలోకి పోయాయి. నంజుకోవడానికి ఉల్లిపాయ తెమ్మంటే, ఇంకో చుట్టు తిరిగి రా, కోసి పెడతానన్నాడు. అలా పొద్దువాలేదాకా తిరిగి, డీజిల్ అయిపోయి, ట్రాక్టర్ చేని మధ్యలో ఒక్కసారి దగ్గి నిలబడిపోయింది. ఆదెమ్మని కిందికి దించారు. ఆమెకి భూమి ఇంకా కుడికే తిరుగుతోంది.

చేను మాత్రం అద్దంలా ఉంది. ఊరి జనం నోళ్ళు వెళ్ళబెట్టారు. సింగరయ్య ఒట్టి కాళ్ళతో ఆ దుక్కి మీద నడిచి, పిడికెడు మట్టి తీసి వాసన చూసి, ఎవరూ చూడకుండా కళ్ళు తుడుచుకున్నాడు. ఇంకా నాలుగు రోజుల్లో ఇది తనది. తన చేను.

మర్నాడు కంచె పని పెట్టుకున్నారు. అంచుల్లో పడ్డ కంపనంతా లోపలి నుంచే పేర్చుకుంటూ వచ్చారు. కర్రలు పాతారు, కంప మీద కంప అల్లారు, సందు కనపడ్డ చోటల్లా ఇంకో మండ కుక్కారు. పొగగొట్టానికున్న పట్టుపంచెని కూడా చింపి తాళ్ళలా పేని కట్టారు. ఆదెమ్మ నాలుగు కాళ్ళ మీద పాకుతూ చుట్టూ తిరిగి, తల దూర్చి, మే మే అని అరిచి, ఎక్కడైనా దూరగలదేమో మేకలాగా పరీక్షించింది. ఎక్కడా దూరలేకపోయింది. మాలకొండయ్య ఇంకోసారి పరీక్ష పెట్టమంటే మొహమంతా ముళ్ళు గీరుకున్నా పెట్టింది.

వాళ్ళు కంచె ముగించేసరికి తూర్పున మబ్బు లేచింది. శేషయ్య పంచె కోసం పళ్ళు కొరుకుతూ వచ్చాడు. వచ్చి కంచె ఒక చుట్టు తిరిగాడు, మళ్ళీ ఇంకో చుట్టు తిరిగాడు. దారి ఏదని అడిగాడు.

"దారేంది?" అన్నాడు సింగరయ్య. "మేక దూరే సందు కూడా ఉండకూడదంది అత్త. మేక కంటే మనిషి పెద్ద. మనిషి దూరే సందుంటే అందులో మేక దూరదా? నీకు లెక్కలొచ్చంటారే, ఆ మాత్రం చెప్పు."

శేషయ్యకి పంచె మీద కోపం ఒక్కసారిగా ఎగిరిపోయింది. మొహం వెలిగిపోయింది. వాన పడేలోపల పెద్దమ్మ చేలో కాలుపెట్టాలి, పెట్టడానికి దారి లేదు. ఇంకేముంది, పరుగున పోయి చెంచమ్మని రెక్క పట్టుకుని తీసుకొచ్చాడు.

చెంచమ్మ కంప సందుల్లో నుంచి లోపలికి చూసింది. లోపల ముల్లన్నదే లేదు. మొగుడు ఉన్నప్పటి చేను మళ్ళీ కళ్ళబడింది. మా అన్న బిడ్డలేరా, అని కొంగుతో ముక్కు తుడుచుకుంది. తర్వాత లోపలికి రావడానికి తడిక ఎక్కడ పెట్టారని అడిగింది. పెట్టలేదని చెప్పారు. ఎందుకో కూడా వివరంగా చెప్పారు.

"సర్లేరా నాయనా, ఆ రెండు కంపలు పక్కకి లాగు, నేనొస్తా."

"లాగితే మేక దూరుద్ది అత్తా."

"దూరితే దూరనీరా. నేను చెప్తన్నా గదా."

"దూరకూడదని చెప్పింది కూడా నువ్వే గదత్తా," అన్నాడు సింగరయ్య. "ఏ మాట తప్పమంటావు? ఏది తప్పినా చెప్పినట్టు చెయ్యలేదనే గదా శేషయ్య అంటాడు."

అంటానన్నట్టు శేషయ్య తలూపాడు. మబ్బు నెత్తి మీదికి వచ్చేసింది. మొదటి చినుకు ట్రాక్టర్ బానెట్ మీద టప్పున పడింది. సింగరయ్య కంచె పక్కనే చతికిలబడ్డాడు. ఇంత కష్టపడి, ఇంత పద్ధతిగా చేసి, అడుగు దూరంలో చేను జారిపోతుంటే ఏడుపు ఆగలేదు. పెద్దవాడు, ఊరందరి ముందూ, చేతుల్లో మొహం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. తమ్ముడూ ఏడ్చాడు. ఆదెమ్మ ఎందుకో సరిగా అర్థం కాకపోయినా వాళ్ళిద్దరి కంటే గట్టిగా ఏడ్చింది.

ఏడుస్తూనే సింగరయ్యకి తెలివి వచ్చింది. తట్ట అందుకుని, చేని మధ్య నుంచి నిండా మట్టి ఎత్తి, గడకర్ర కొసకి తగిలించి, ముగ్గురూ పట్టుకుని కంచె మీదుగా బయటికి చాపారు. తట్ట ఊగుతూ ఊగుతూ వెళ్ళి చెంచమ్మ కాళ్ళ ముందు దిగింది.

"అత్తా, ఇది మన చేనే. కాలు పెట్టు."

చెంచమ్మ తట్ట వంక చూసింది, కంచె వెనక ముగ్గురి మొహాల వంక చూసింది. ఇదెక్కడి న్యాయమని శేషయ్య ఎగిరాడు. చేలో కాలుపెట్టడమంటే చేను దగ్గరికి కాలు పోవాలి గానీ కాలు దగ్గరికి చేను రాకూడదన్నాడు. అలాగని తానేమీ చెప్పలేదని చెంచమ్మ కసిరింది. చెప్పు విడిచి, చీర కాస్త పైకి పట్టుకుని, తట్టలో కాలు పెట్టింది. రెండో చినుకు ఆమె పాదం మీదే పడింది.

"పెట్టాను. చేను మీది. నువ్విక ఇంటికి పోరా శేషయ్యా, నీ మరలో పిండి తడుస్తది."

శేషయ్య పంచె సంగతి ఎత్తబోయి, కంచెలో ఎక్కడెక్కడ ఉందో చూసి, నోరు మూసుకుని పోయాడు. వాన జోరందుకుంది. సింగరయ్య మొహం ఆకాశానికెత్తి నిలబడ్డాడు. జన్మంతా ఎదురుచూసిన తొలకరి ఇదే. ఇక ఆలస్యం చెయ్యకుండా కందులు చల్లుకోమని చెంచమ్మ చెప్పింది. చాటంత మొహం చేసుకుని, తన ఇంట్లో ఉన్న విత్తనాల మూట తేవడానికి ఆమే వెళ్ళింది.

మూట నెత్తిన పెట్టుకుని తిరిగొచ్చేసరికి దారి కనపడలేదు. కంచె పక్కన నడుమెత్తు మట్టి గుట్ట ఉంది. పై నుంచి తట్ట మీద తట్ట మట్టి వచ్చి పడుతోంది. లోపల ముగ్గురూ వానలో తడిసి ముద్దై, పలుగులూ పారలూ పట్టుకుని, చేను తవ్వి పోస్తున్నారు. ట్రాక్టర్ చక్రాల కింద నేల అప్పటికే తగ్గి గుంటైంది. ఏం చేస్తున్నార్రా అని చెంచమ్మ గుండెలు బాదుకుంది.

సింగరయ్య తట్ట భుజాన పెట్టుకుని, జీవితంలో అంత సంతోషం ఎరగనట్టు నవ్వాడు.

"విత్తనాలు లోపలికి రావడానికి సందు లేదు గదత్తా. అందుకని చేనే బయటికి వస్తంది. నువ్వు కాస్త పక్కకి జరుగు."